ఒంట్లో వేడికి దారేది?

పోటీ మొదలవడానికి గంట ముందు అధికారులు నీళ్లలోకి థర్మామీటర్ దించుతారు. పైపైన కాదు, 60 సెంటీమీటర్ల లోతుకు. ఈత మార్గం మధ్యలో ఒకసారి, మరో రెండు చోట్ల చెరోసారి కొలిచి, వచ్చిన అంకెల్లో అన్నిటికంటే తక్కువదాన్ని ఆ రోజు నీటి ఉష్ణోగ్రతగా ప్రకటిస్తారు. వరల్డ్ ట్రయథ్లాన్ సంస్థ పెట్టిన పద్ధతి ఇది. ఒడ్డున అప్పటికే చాలామంది నల్లటి రబ్బరు సూట్లు నడుము దాకా ఎక్కించుకుని చెవులు రిక్కించి ఉంటారు. ఆ సూటు ఒంటిమీద ఉండాలా, సంచిలోకి పోవాలా అన్నది ఆ అంకె తేలుస్తుంది.

దూరపు ట్రయథ్లాన్లలో పేరుమోసింది ఐరన్‌మ్యాన్. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. మూడూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి. ఆటే జీవనోపాధి కాని మామూలు పోటీదారులకు ఇందులో నియమం ఇలా ఉంది: నీరు 24.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటే వెట్‌సూట్ వేసుకోవచ్చు. 28.8 దాటితే ఎవరూ వేసుకోకూడదు. ఈ రెంటికీ మధ్య ఒక తమాషా మెట్టుంది. అక్కడ సూటు వేసుకోవచ్చు గానీ బహుమతి మీద ఆశ వదులుకోవాలి. సూటు ఈతగాడికి అదనపు వేగం ఇస్తుందనీ, నీళ్లు వెచ్చబడితే అదే సూటు అతన్ని కాచేస్తుందనీ నియమాలు రాసినవాళ్లకు తెలుసు. రెంటికీ ఒకే థర్మామీటర్‌తో హద్దు గీయబోయారు. అది అంత సులువు కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే ముందు కండరాల సంగతి చూడాలి. తిన్న తిండిలోని శక్తిలో కండరం పనిగా మార్చేది ఐదో వంతో, మహా అయితే నాలుగో వంతో. మిగిలిందంతా వేడి. పెడళ్ల మీద 200 వాట్ల శక్తి చూపిస్తున్న సైక్లిస్టు ఒంట్లో దాదాపు 800 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. 70 కిలోల మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి 245 కిలోజౌళ్లు చాలు. అంటే ఆ వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోతే ఐదు నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్లు వేడెక్కుతుంది. 37 దగ్గర మొదలైన మనిషి పావుగంటలో 40కి చేరతాడు. 40 దాటాక మెదడు పట్టు తప్పడం మొదలవుతుంది.

ఈతలో ఈ లెక్క ఇంకా అన్యాయం. నీళ్లను వెనక్కి నెట్టడంలో మనిషి చేతులూ కాళ్లూ చాలా దుబారా చేస్తాయి. ఖర్చుపెట్టిన శక్తిలో పదో వంతు కూడా ముందుకు సాగడానికి పనికిరాదు. అయితే ఆ వేడిని లాక్కుపోవడానికి చుట్టూ నీళ్లున్నాయి. గాలితో పోలిస్తే నీటికి ఉష్ణవాహకత సుమారు 25 రెట్లు ఎక్కువ. 26 డిగ్రీల గదిలో చొక్కా లేకుండా హాయిగా నిద్రపోయే మనిషి 26 డిగ్రీల చెరువులో కదలకుండా గంటసేపు కూర్చుంటే వణుకుతాడు. వేగంగా ఈదేవాడు మాత్రం వణకడు. అతను పుట్టించే వేడీ నీరు లాక్కునే వేడీ ఇంచుమించు సరిపోతాయి. ఆ సమతూకం మీదే ఈత మొత్తం నడుస్తుంది. వెట్‌సూట్ ఒక పక్కకు బరువు వేస్తుంది.

దీని పుట్టుక క్రీడల్లో కాదు, యుద్ధనౌకల నీడలో. 1950ల మొదట్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్‌నర్ అమెరికా నౌకాదళం డైవర్ల కోసం ఆలోచిస్తున్నాడు. అప్పటిదాకా అందరి ప్రయత్నమూ ఒళ్లు తడవకుండా చూడడమే. బ్రాడ్‌నర్ పట్టుకున్న కిటుకు వేరు. తడిస్తే తడవనీ, వేడిని ఆపేది గాలి బుడగలే కదా అన్నాడు. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరులో నత్రజని వాయువు సన్నటి బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. ఆ బుడగలే కంబళి. చర్మానికీ సూటుకీ మధ్య చేరిన పల్చటి నీటిపొర వేడెక్కి మనిషిని కాపాడుతుందని చాలామంది నమ్ముతారు గానీ, ఆ పొర చేసేది తక్కువ. అది బయటికీ లోపలికీ కారకుండా ఉంటే చాలు. ఆ దశకంలోనే శాన్ ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్ సర్ఫింగ్ చేసేవాళ్లకు ఇలాంటి సూట్లు కుట్టి అమ్మాడు. ట్రయథ్లాన్ కోసమే ప్రత్యేకంగా తయారైన సూటు 1987లో క్వింటానా రూ అనే కంపెనీతో వచ్చింది.

ట్రయథ్లాన్ వాళ్లు మాత్రం దీన్ని చలికోటుగా తొడుక్కోవడం తక్కువ. వాళ్లకు కావలసింది తేలడం. మనిషి నీటి మీద బోర్లా పడుకుంటే ఊపిరితిత్తులున్న ఛాతీ పైకి తేలుతుంది, కాళ్లు కిందికి దిగుతాయి. దిగిన కాళ్లు నీళ్లలో లంగరులా అడ్డం పడతాయి. తొడల మీదా పొట్ట మీదా 5 మిల్లీమీటర్ల మందం నియోప్రీన్ ఉంటే కాళ్లు వాటంతటవే పైకి లేస్తాయి. సెకనుకు 1.25 మీటర్ల వేగంతో ఈదుతున్నప్పుడు వెట్‌సూట్ నీటి నిరోధాన్ని సుమారు 14 శాతం తగ్గిస్తుందని 1980ల చివర్లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధన కొలిచింది. 5 మిల్లీమీటర్లకు మించిన మందాన్ని నియమాలు ఒప్పుకోవు. లేకపోతే పోటీ ఈతలో కాక తేలే పడవల తయారీలో జరిగేది.

ఇందులో ఒక వింత ఉంది. సూటు వల్ల ఎక్కువ లాభపడేది ఈత సరిగా రానివాడే. చిన్నప్పటి నుంచి కొలనులో పెరిగినవాడి కాళ్లు ఎలాగూ నీటి మీదే ఉంటాయి. ముప్ఫై ఏళ్లు దాటాక ఈత నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఆ నియోప్రీన్ సగం కోచ్ పని చేసిపెడుతుంది. అందుకే "ఈసారి వెట్‌సూట్ లేదట" అన్న ప్రకటన వినగానే మొహాలు మాడ్చుకునేది వెనక వరసల్లో నిలబడ్డవాళ్లు.

వాళ్ల భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు. వరల్డ్ ట్రయథ్లాన్ నియమాల్లో 1500 మీటర్ల ఈత వరకు వృత్తి క్రీడాకారులకు హద్దు 20 డిగ్రీలు, వయోవర్గాల్లో దిగే మామూలు పోటీదారులకు 22. ఈత అంతకంటే దూరమైతే వయోవర్గాల వాళ్లకు 24.6 దాకా సూటు వేసుకోనిస్తారు. ఒకే నీళ్లు, ఒకే ఉదయం, అయినా ఒకరికి సూటు తప్పు, ఇంకొకరికి ఒప్పు. కారణం వేడి లెక్కలోనే ఉంది. ఐరన్‌మ్యాన్ ఈతలో ముందు వరసలో ఉన్నవాడు 50 నిమిషాల్లో ఒడ్డెక్కేస్తాడు, దారి పొడవునా కొలిమిలా మండుతూ ఉంటాడు. వెనక ఉన్నవాడు రెండు గంటలు నీళ్లలోనే ఉంటాడు. నెమ్మదిగా ఈదుతాడు గనక తక్కువ వేడి పుట్టిస్తాడు. బక్కపలచటి మనిషైతే దాచుకోవడానికి కొవ్వు కూడా ఉండదు. 22 డిగ్రీల నీరు మొదటివాడికి హాయి, రెండోవాడికి మెల్లగా పట్టే చలి. థర్మామీటర్ నీటిని కొలుస్తుంది. మనిషి ఎంత వేగంగా ఈదుతాడో, ఎంత లావుగా ఉన్నాడో దానికేం తెలుసు?

వేడి నీటి ప్రమాదం మాత్రం చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. నీళ్లలో వడదెబ్బ ఏమిటన్న నమ్మకం పాతుకుపోయి ఉండేది. 2010 అక్టోబరు 23న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ 10 కిలోమీటర్ల సముద్రపు పోటీ చివరి దశలో మునిగిపోయాడు. వయసు 26. అతని ఒంటిమీద వెట్‌సూట్ కూడా లేదు. ఆ రోజు సముద్రం మరీ వెచ్చగా ఉందని తోటి ఈతగాళ్లు చెప్పారు. తర్వాత అంతర్జాతీయ ఈత సమాఖ్య సముద్రపు పోటీలకు 31 డిగ్రీలను పైహద్దుగా పెట్టింది. చర్మమూ నీరూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతకు వస్తే వేడి పోయే దారి ఇరుకైపోతుంది. పైగా నీళ్లలో చెమట పట్టినా ఆరదు గనక ఉపయోగం లేదు. దాహం కూడా తెలియదు. చెమట కారుతున్నట్టు కంటికి కనపడదు కదా.

మరి 25, 26 డిగ్రీల నీటిలో సూటు వేసుకుని ఈదినవాడు ఆ వేడిని సైకిలు మీదికీ పరుగులోకీ మోసుకుపోతాడా? అలాగే జరుగుతుందని అందరూ అనుకున్నారు. 1998లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ఒలింపిక్ దూరపు ట్రయథ్లాన్‌ను ప్రయోగశాలలో చేయించి చూసింది. 25 డిగ్రీలు దాటిన నీటిలో సూటుతో ఈదినా, తర్వాతి సైకిలులోనూ పరుగులోనూ లోపలి ఉష్ణోగ్రతకు కీడేమీ జరగలేదని తేల్చింది. అలాగని హద్దు అనవసరమని కాదు. ఆ ఈత ఐరన్‌మ్యాన్ ఈతలో సగం కూడా ఉండదు. సూటు వేసుకున్నవాడికి ముప్పు వస్తే అది నీళ్లలో ఉండగానే రావచ్చు. చుట్టూ గుంపు, మధ్యలో అలలు. అక్కడ స్పృహ తప్పినవాణ్ని కనిపెట్టడం రోడ్డు మీద కనిపెట్టినంత తేలిక కాదు.

ఐరన్‌మ్యాన్‌కు పుట్టిల్లు హవాయి. 1978 ఫిబ్రవరిలో ఓహూ ద్వీపంలో 15 మంది మొదలుపెట్టి 12 మంది పూర్తి చేశారు. 1981లో పోటీ పెద్ద ద్వీపంలోని కోనాకు మారింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఇంకోసారి జరిగి, అక్టోబరు స్థిరపడింది. మంచు దేశాలవాళ్లకు ఫిబ్రవరికి ముందు ఎండలో సాధన చేసే వీలుండదు మరి. కోనాలో కైలువా అఖాతం నీరు అక్టోబరులో 26 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వెట్‌సూట్ మాటే లేదు. తేలడానికి సాయపడని పల్చటి గుడ్డ సూటు ఒంటికి అతుక్కునేలా వేసుకుంటారు.

అక్కడ అసలు పరీక్ష ఒడ్డెక్కాక మొదలవుతుంది. నల్లటి లావా బండల మధ్య నుంచి పోయే క్వీన్ కాహుమాను రహదారి ఎండను తాగి తిరిగి కక్కుతుంది. సైకిలు మీద గంటకు 35, 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నంతసేపూ ఎదురుగాలి చెమటను ఆరబెడుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి సైకిలు దిగి పరుగు మొదలెట్టగానే ఆ గాలి మూడో వంతుకు పడిపోతుంది. వేడి పుట్టడం మాత్రం తగ్గదు. ఇక మిగిలిన దారల్లా చెమటే.

చెమట గొప్ప సాధనం. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి పోతుంది. 800 వాట్ల వేడినంతటినీ వదిలించుకోవాలంటే గంటకు 1.2 లీటర్లు ఆవిరి కావాలి. శిక్షణ ఉన్న మనిషికి అంత చెమట పట్టడం కష్టం కాదు. కష్టమల్లా అది ఆవిరి కావడమే. మే నెలలో రెంటచింతలలో కూజా నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అదే కూజా విశాఖపట్నంలో పెడితే, గాలి వేడి తక్కువైనా నీళ్లు అంత చల్లబడవు. తేమ నిండిన గాలి ఇంకా ఆవిరిని తీసుకోదు. మనిషి ఒళ్లూ అంతే. ఉక్కపోతలో కారి నేలరాలిన చెమట బొట్టు ఒంట్లోంచి నీటినీ ఉప్పునీ పట్టుకుపోతుంది, వేడిని మాత్రం ఇక్కడే వదిలేస్తుంది.

అందుకే ఎండ తీవ్రతకు సైన్యాలూ క్రీడాసంఘాలూ వాడే డబ్ల్యుబీజీటీ అనే సూచికలో మామూలు థర్మామీటర్‌కు ఇచ్చే విలువ పదో వంతే. ఎండను కొలిచే నల్లగోళానికి రెండు వంతులు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు ఏకంగా ఏడు వంతులు. 1950లలో అమెరికా మెరైన్ రంగరూట్లు శిక్షణలో వడదెబ్బకు కూలిపోతుంటే తయారుచేసిన సూత్రమిది. 2019 సెప్టెంబరులో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి పెట్టారు, ఎండ ఉండదని. సూర్యుడు లేడు, 32 డిగ్రీల వేడీ 70 శాతం దాటిన తేమా ఉన్నాయి. 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే మానుకున్నారు.

కోనాలో కూలిపోయినవాళ్లలో కొత్తవాళ్లే కాదు, రాణులూ ఉన్నారు. 1995లో పౌలా న్యూబీ-ఫ్రేజర్ అప్పటికి ఏడుసార్లు ఆ టైటిల్ గెలిచిన మనిషి. వెనక నుంచి కారెన్ స్మైయర్స్ తరుముకొస్తుంటే చివరి నీళ్ల కేంద్రాల దగ్గర ఆగలేదు. ముగింపు గీత కనుచూపు మేరలో ఉండగా కాళ్లు మడతపడి రోడ్డు మీద కూలబడింది. చాలాసేపటి తర్వాత లేచి, బూట్లు వదిలేసి, వట్టి కాళ్లతో నడిచి నాలుగో స్థానంలో ముగించింది. మరుసటి ఏడాది వచ్చి ఎనిమిదోసారి గెలిచింది. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద అమెరికాకు చెందిన టేలర్ నిబ్ ముందంజలో ఉండి, మరి మూడు నాలుగు కిలోమీటర్లు మిగిలాయనగా పక్కకు తూలి కూర్చుండిపోయింది. లూసీ చార్ల్స్-బార్క్‌లే అంతకుముందే పరుగు ఆపేసింది. చివరికి గెలిచింది నార్వే దేశస్థురాలు సోల్వేగ్ లోవ్‌సెత్.

చల్లటి దేశాలనూ ఇది వదలడం లేదు. 2019 జూన్ చివర యూరప్ వడగాలుల్లో ఫ్రాంక్‌ఫర్ట్ ఐరన్‌మ్యాన్ 40కి దగ్గరపడ్డ వేడిలో జరిగింది. మహిళల్లో అందరికంటే ముందున్న సారా ట్రూ గీత ఇంకో కిలోమీటరు కూడా లేదనగా తప్పుకోవలసి వచ్చింది.

కోనా పరుగులో అందరూ భయపడే చోటు హవాయి సహజశక్తి ప్రయోగశాలకు దిగే రోడ్డు. ఎనర్జీ ల్యాబ్ అంటారు. గాలి ఆడదు, నీడ ఉండదు. ఆ ప్రయోగశాల చేసే పనేమిటో తెలిస్తే పరుగెత్తేవాళ్లు ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేరు. సముద్రంలో 600 నుంచి 900 మీటర్ల లోతు నుంచి 6 డిగ్రీల దరిదాపుల్లో ఉండే చల్లటి నీటిని గొట్టాలతో పైకి తోడుతుంది. పై నీటికీ అడుగు నీటికీ ఉన్న తేడాతో కరెంటు పుట్టించడానికి మొదలైన ఏర్పాటు అది.

పోటీదారులకు దొరికే చలువ మంచుముక్కలే. టోపీలో, మెడ వెనక, చేతుల్లో పట్టినన్ని పెట్టుకుంటారు. నూరిన మంచును పోటీకి ముందు తాగడం మరో ఉపాయం. లెక్క ముచ్చటగా ఉంటుంది: అరకిలో మంచు కరగడానికీ, కరిగిన నీరు 37 డిగ్రీలకు రావడానికీ కలిపి 245 కిలోజౌళ్లు కావాలి. 70 కిలోల ఒంటిని సరిగ్గా ఒక డిగ్రీ చల్లబరచడానికి సరిపోయేంత. దాహం వేయకున్నా అదేపనిగా నీళ్లు తాగడం మాత్రం ఇంకో గోతిలో పడేస్తుంది. గంటల తరబడి మంచినీళ్లు మితిమీరి తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు ఉబ్బుతుంది. దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ ఈ ప్రమాదాన్ని 1985లోనే రాసి హెచ్చరించాడు.

వీటన్నిటికంటే నమ్మదగ్గ మందు అలవాటు. రోజూ గంటా గంటన్నర వేడిలో సాధన చేస్తే 10 నుంచి 14 రోజుల్లో ఒళ్లు మారిపోతుంది. రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది, చెమట ముందుగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. మంచుదేశమైన నార్వే వాళ్లు దీన్ని శాస్త్రంగా పట్టుకుని, ఒంటికి అంటించుకునే ఉష్ణోగ్రత సెన్సార్లతో సాధన చేశారు. 2021లో వేడికీ ఉక్కకీ పేరుపడ్డ టోక్యో ఒలింపిక్ ట్రయథ్లాన్‌ను నార్వే వీరుడు క్రిస్టియన్ బ్లుమ్మెన్‌ఫెల్ట్ గెలిచాడు. మన దేశంలో 2019 నుంచి గోవాలో సగం దూరపు ఐరన్‌మ్యాన్ జరుగుతోంది. అక్కడి అరేబియా సముద్రంలో వెట్‌సూట్ అవసరం రాదు. హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లకు ఎండ కొత్త కాదు గానీ సముద్రతీరపు ఉక్క కొత్తే. పొడి ఎండలో నేర్చిన వేగం ఆ తేమలో చెల్లదు. అక్కడి గాలిలో నాలుగు రోజులు పరుగెత్తి చూసుకుంటే గానీ తమ వేగమేమిటో తేలదు.

ఇంతా చేసి ఎవరైనా కూలిపోతే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు తిరుగులేని జవాబు అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఫాల్‌మత్ రోడ్ రేస్ దగ్గరుంది. ఆగస్టు ఉక్కలో జరిగే 11 కిలోమీటర్ల పరుగు అది. అక్కడి వైద్యులు 18 పోటీల్లో 274 మంది వడదెబ్బ రోగులను చూశారు. ఒక్కరూ చనిపోలేదు. ఆసుపత్రికి తరలించే తొందరపడకుండా, ముందు గుడారంలోనే మంచునీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచుతారు. అరగంటలోపు లోపలి ఉష్ణోగ్రతను 39 కిందికి దించాలి, అంబులెన్సు తర్వాతి మాట. నుదుటి మీదా చెవిలోనూ పెట్టే థర్మామీటర్లను అక్కడ నమ్మరు. చెమట ఆరి బయటి చర్మం చల్లబడితే అవి తక్కువ చూపిస్తాయి. మలద్వారంలో పెట్టి చూసిందే లెక్క. మొహమాటపడి దాన్ని వదిలేసిన గుడారంలో 41 డిగ్రీల మనిషిని 38 అనుకుని కుర్చీలో కూర్చోబెట్టి గ్లూకోజు నీళ్లు ఇచ్చే ప్రమాదం ఉంది.